వంటింటి గోడ పక్క గుంత

చివరింటి వదినని గోడ కింద నుంచి ఇంకా బయటికి తియ్యనేలేదు, మేస్త్రీ చేతులకి బేడీలు పడిపోయాయి. పోలీసులు అంత చురుగ్గా పని చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. మిల్లు మెషీన్లో వేళ్ళు పోయాయని ఫిర్యాదు పట్టుకుని వెళ్తే ఎస్సైగారికి ఎప్పుడూ మీటింగులే. ఆ మధ్యాహ్నం మాత్రం వాన తెరిపివ్వకముందే జీపు దిగాడు.

మేస్త్రీ పారిపోలేదు. మాతోపాటే వంగి ఇటుకలు లాగుతున్నాడు. వేళ్ళు చిట్లి నెత్తురు కారుతోంది. ఆ చేతుల్నే వెనక్కి విరిచారు. కాంట్రాక్టరు గొడుగు కింద నిలబడి, "వీడేనండీ కట్టింది. నాసిరకం పని. నమ్మి మోసపోయాను" అన్నాడు. నమ్మి మోసపోయిన ఆ పెద్దమనిషి చెప్పులకి బురద కూడా అంటలేదు.

వదిన మొగుడు మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు, అందరం బాయిలరన్న అంటాం. షిఫ్టు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఇటుకల్లోంచి పెళ్ళాం చెయ్యి ఒక్కటే కనపడుతోంది. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత తిన్నగా మేస్త్రీ దగ్గరికెళ్ళి చెంప పగలగొట్టాడు. ఎవ్వరం ఆపలేదు. "ఇంకోటి తగిలించన్నా" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఈ లోపల కాంట్రాక్టరు గొడుగు ముడుచుకుని కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ క్వార్టర్లు మిల్లు కంపెనీ మాకోసం కట్టించినవి. వాళ్ళకి మా మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. రేకుల కొట్టాల్లో ఉడికిపోతూ ఏళ్ళ తరబడి యూనియన్ కొట్లాడితే వచ్చినవి. నేను స్పిన్నింగ్‌లో పనిచేస్తాను, యూనియన్ కమిటీలో ఉన్నాను, కాబట్టి ఆ కొట్లాట నాకు బాగా తెలుసు. ఇంట్లో దిగిన రోజున మా అత్త కుళాయి తిప్పడం, కట్టెయ్యడం, మళ్ళీ తిప్పడం, పొద్దంతా అదే పని. ఇంట్లోకే నీళ్ళు రావడం ఆవిడ జన్మలో అదే మొదలు.

వానలు పడగానే ఆ ఇళ్ళు మమ్మల్ని కుదురుగా కూర్చోనివ్వడం మానేశాయి. తలుపులు బిగుసుకుపోయాయి. కిటికీ మూలనుంచి బీటలు పాకాయి. అన్నం తింటుంటే గోడలో ఎక్కడో టక్కుమనేది, ముద్ద నోట్లోనే ఉండిపోయేది. అందరం మంచాలు గోడకి దూరంగా లాక్కున్నాం. చివరింటి వదిన మంచం కూడా లాక్కుంది. కానీ గిన్నెలు తోముకోవాలంటే గోడవారకి వెళ్ళాల్సిందే కదా.

వదినని సాగనంపిన మర్నాడు, మొదటి షిఫ్టు వదిలే వేళకి, మేస్త్రీ భార్య మిల్లు సైకిల్ స్టాండు దగ్గరికి వచ్చింది. మొగుడు కట్టే పనుల్లోనే కాంక్రీటు తట్టలు మోసే మనిషి. మావాళ్ళు చుట్టూ మూగారు.

"ఏం మొహం పెట్టుకుని వచ్చావమ్మా?" అని మిల్లులో వైండింగ్ సెక్షన్లో పనిచేసే పెద్దాయన, మా వైండింగ్ తాత, గద్దించాడు.

"ఉన్న మొహమే పెట్టుకొచ్చాను పెద్దాయనా. ఇంకోటి ఎవరిస్తారు?" అందామె. "మా ఆయన తప్పు చెయ్యలేదని చెప్పడానికి రాలేదు. చేశాడు. నేనూ చేశాను. మా ముఠా మొత్తం చేసింది. ఎండాకాలంలో ఇక్కడ పునాదులు తవ్వాం. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచాయి. మేం పుట్టింది ఎర్రమట్టి నేలలో. అక్కడ గడ్డపార దిగలేదంటే గట్టినేల తగిలినట్టే లెక్క. నడుంలోతు తవ్వేసరికి చేతులు బొబ్బలెక్కాయి. అమ్మయ్య, రాయిలాంటి నేల, ఇక చాల్లే అని సంబరపడ్డాం. కాంట్రాక్టరు వచ్చి చూసి, పొయ్యండి కాంక్రీటు అన్నాడు. ఈ నల్లమట్టి ఎండకి బిగుసుకుపోయి వానకి పిండిలా పొంగుతుందని మాకేం తెలుసు? ఆయనకి తెలుసు. ఆయన ఈ మట్టిలో పుట్టినవాడే."

"చచ్చిన మనిషి తిరిగొస్తుందా నీ కబుర్లకి?" అని ఎవరో వెనకనుంచి అరిచారు.

అప్పుడు నాకు క్యారేజీ తెచ్చిన మా అత్త జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఆ పిల్ల అబద్ధం ఆడట్లేదు. పునాదులు తవ్వేటప్పుడు నేనెళ్ళి చెప్పాను కాంట్రాక్టరుకి. బాబూ, ఇది పగుళ్ళ నేల, ఎండలు ముదిరితే ఈ బీటల్లో పాదం దిగబడుతుంది, కింద మొరం తగిలేదాకా తవ్వకపోతే ఇక్కడ గేదెల పాక కూడా నిలబడదు అన్నాను. ఏమన్నాడో తెలుసా? ముసలమ్మా, ఇల్లు కావాలా, అక్కర్లేదా, అక్కర్లేదంటే చెప్పు, వేరేవాళ్ళకి ఇప్పిస్తా అన్నాడు. నోరు మూసుకుని వచ్చేశాను."

మొరం అంటే నల్లమట్టి పొర కింద ఉండే గులకమట్టి. ఎండకి కుంచించుకుపోదు, వానకి పొంగదు. పునాది కాళ్ళు దాని మీద ఆనితేనే ఇల్లు ఇల్లు. మా వైపు ముసలీ ముతకా అందరికీ తెలిసిన సంగతే ఇది. అడిగినవాడుంటే చెప్పేవాళ్ళు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అని నేనడిగాను.

"తవ్వి చూపిద్దామక్కా," అంది మేస్త్రీ భార్య. "కూలిన చోట తెల్లారేసరికి మట్టి పోసి చదును చేసేశారు. కాబట్టి నిలబడ్డ ఇంటి పక్కనే గుంత తియ్యాలి. పునాది ఎక్కడ ఆగిపోయిందో అందరూ కళ్ళతో చూస్తారు. తప్పు ఒక్క చేతిదా, ఎన్ని చేతులదా అప్పుడు తేలుతుంది."

అందరూ వెనక్కి జరిగారు. ఎందుకంటే ఆ పొద్దున్నే మేనేజరు గేటు దగ్గర మైకులో చెప్పించాడు: ఏ ఇల్లు పనికిరాదని తేలితే ఆ ఇల్లు వెంటనే ఖాళీ చెయ్యాలి, బదులు ఇల్లు ఇచ్చే పూచీ కంపెనీది కాదు. మేస్త్రీని విడిపించాలంటే మా ఇల్లు పనికిరాదని మేమే రుజువు చెయ్యాలి. ఇల్లు నిలుపుకోవాలంటే ఆ మనిషిని జైల్లో కుళ్ళనివ్వాలి. మెలిక భలే వేశాడు మేనేజరు, ఆ మాట ఒప్పుకోవాలి.

"కొరివితో తల గోక్కోమంటారా?" అని వైండింగ్ తాత లేచాడు. "కూలింది ఒక్కటే. తక్కినవి నిలబడే ఉన్నాయిగా. మనమే తవ్వుకుని మనమే వీధిన పడాలా?"

"వాడెవడో వలసొచ్చినవాడు. వాడికోసం పిల్లల్ని వానలో పెట్టమంటారా?" అని ఇంకొకరు.

నేను సైకిల్ క్యారియర్ మీదికెక్కి అరిచాను. "తాతా, విను. మేస్త్రీ ఒక్కడిదే తప్పని కోర్టులో తేలిందనుకో. అంటే పునాది మంచిదే, లోతు సరిపోయింది, పనివాడి చెయ్యే చెడ్డది అని తేలినట్టు. అప్పుడు మన ఇళ్ళకి మరమ్మతు ఎవడు చేస్తాడు? వెనక ఖాళీ స్థలంలో రెండో విడత ఇళ్ళకి ముగ్గు పోసేశారు. అవీ ఇదే నడుంలోతున లేస్తాయి. ఎవరింటి గోడ ఎప్పుడు పడుతుందో రోజూ మబ్బు పట్టినప్పుడల్లా లెక్కేసుకుంటూ బతుకుదామా?"

అరిచానే గానీ, నాకూ ఇద్దరు పిల్లలున్నారు. ఆ ఇల్లు పోతే మాకు ఇంకో గూడు లేదు. మా యూనియన్ ఆఫీసుకొచ్చే కాలేజీ పిల్లలకి ఈ సంగతి ఎప్పుడు చెప్పినా, అప్పుడు మీకు భయం వెయ్యలేదా అని అడుగుతారు. ఎందుకు వెయ్యలేదు, చచ్చేంత వేసింది. భయం పోయాక పోరాడదాం అనుకుంటే ఈ జన్మకి అది జరిగే పని కాదు.

జనం వెనక బాయిలరన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అందరి చూపూ అతని మీదే. మేస్త్రీ భార్య కూడా అతన్నే చూస్తోంది.

"నేను వాణ్ణి క్షమించను," అన్నాడు బాయిలరన్న. "నీ మొగుడు ఎండకి మోసపోయాడో, బద్ధకానికి మోసపోయాడో నాకనవసరం. కానీ తవ్వండి. నా పెళ్ళాం దేనికి చచ్చిపోయిందో నేను చూడాలి."

"ఎవరింటి పక్కన?" అన్నాడు తాత.

"మా వంటింటి పక్కన తవ్వండి. అటు నీళ్ళు నిలవవు," అంది మా అత్త, పెళ్ళికి పందిరి ఎక్కడ వెయ్యాలో చెప్పినట్టు. నన్నొక్క మాట అడగలేదు. కోడల్ని అడిగి పని చేసే అత్త ఎక్కడుంది గనక.

మిల్లు సెలవు రోజున, పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు సామానంతా వీధిలోకి చేరవేశాం. మేస్త్రీ ముఠావాళ్ళు గోడకి వాసాలు ఆనించి, ఒక్క మనిషి దిగేంత వెడల్పునే గుంతకి గీత గీశారు. గోడ పొడవునా తవ్వితే గోడే మా మీద కూర్చుంటుందట. ఎండాకాలంలో గడ్డపారని తిప్పికొట్టిన మట్టి ఇప్పుడు పారని పట్టుకుని వదలడం లేదు. ఒక పార తియ్యడం, అంటిన మట్టిని కాలితో గీకడం, మళ్ళీ పార. ముఠావాళ్ళు తవ్వుతుంటే మిల్లువాళ్ళు తట్టలందుకున్నారు. మొదట్లో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. కాసేపటికి, "తట్ట అలా పట్టుకుంటే నడుం పట్టేస్తుందయ్యా, ఇలా పట్టు" అని మావాళ్ళకి పాఠాలు మొదలయ్యాయి.

నడుంలోతుకి పునాది అయిపోయింది. దాని కింద మళ్ళీ అదే నల్లమట్టి, జావలా. మేస్త్రీ భార్య గుంతలో దిగి పునాది అడుగున చెయ్యి పెడితే మోచెయ్యిదాకా దూరిపోయింది. అంచుని గోటితో గీకితే కంకర రాలి అరచేతిలో పడింది.

"చూడండి," అని ఆ చెయ్యి పైకెత్తింది. "మండే ఎండల్లో పోశాం కాంక్రీటు. పోసిన తర్వాత రోజూ తడపాలి, గోనెలు కప్పి తడపాలి. పచ్చి బాలింతకి పోసినట్టు పొయ్యాలి నీళ్ళు. ట్యాంకరు ఒక్క రోజు వచ్చింది. ఆ తర్వాత కాంట్రాక్టరు తోటకి పోయింది. ఇళ్ళన్నిటినీ నడికట్టులా బిగించి పట్టే బీము వెయ్యాలి. ఏదీ బీము? ఎక్కడుందో మీరే వెతకండి."

జనం ఒకరి వెనక ఒకరు వచ్చి గుంతలోకి తొంగి చూశారు. చూసినవాళ్ళు తమ తమ ఇళ్ళవైపు తిరిగి చూసుకున్నారు. బాయిలరన్న అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. వైండింగ్ తాత, "ఇంతేనా? దీని మీదేనా నా మనవల్ని పడుకోబెట్టింది?" అని నేల మీదే కూలబడ్డాడు.

కాంట్రాక్టరు జేసీబీతో వచ్చాడు, వెనక పోలీసు వ్యానుతో ఎస్సై.

"కంపెనీ ఆస్తి ధ్వంసం చేస్తున్నారు. గుంత పూడ్చెయ్," అన్నాడు కాంట్రాక్టరు డ్రైవరుతో.

మేస్త్రీ భార్య గుంతలోనే ఉంది, పైకి రాలేదు. బాయిలరన్న చొక్కా విప్పి ఆమె పక్కకి దిగాడు. నేనూ దిగాను. ఒక్క మనిషికని తీసిన గుంతలో ముగ్గురం ఇరుక్కున్నాం, ఊపిరాడలేదు. మా అత్త గుంత అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. "నాకు మోకాళ్ళ నొప్పులు నాయనా, దిగలేను. ఇక్కడే కప్పెట్టెయ్," అంది జేసీబీ డ్రైవరుతో.

మట్టి నిండిన తొట్టి మా తలల మీదికి వచ్చి ఆగింది. మట్టిపెళ్ళలు రాలి నా మెడ మీద పడ్డాయి. నాకు పిల్లలు గుర్తొచ్చారు. పైకెక్కి పారిపోవాలనిపించింది. మేస్త్రీ భార్య నా చెయ్యి పట్టుకుంది.

"వెయ్యరా మట్టి!" అని కాంట్రాక్టరు అరిచాడు.

"మనుషుల మీద మట్టి వెయ్యడానికి నాకు లైసెన్సు లేదు సార్," అన్నాడు డ్రైవరు. ఇంజను ఆపి, దిగి, వచ్చి గుంతలోకి చూశాడు. చూసి కాంట్రాక్టరు వైపు తిరిగాడు. "బస్టాండు వెనక మా కాలనీ కూడా మీరు కట్టిందే కదా సార్. మాదీ ఇంతే లోతా?"

కాంట్రాక్టరు ఎస్సైకి సైగ చేశాడు.

అప్పుడు లాఠీలు లేచాయి. మా ముగ్గుర్నీ జుట్టు పట్టుకుని పైకి లాగారు. మా అత్తని ఇద్దరు కానిస్టేబుళ్ళు మోసుకెళ్ళి వ్యానులో కూర్చోబెట్టారు. ముఠాలో నలుగురైదుగురినీ ఎక్కించారు. నా కళ్ళముందే మేనేజరు మనిషి మా తలుపుకి తాళం వేశాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. "మేస్త్రీని వదలాలి! మొరందాకా తవ్వాలి!" అని ఎవరో అందుకున్నారు. చూద్దును కదా, వైండింగ్ తాత. జనం ఆ మాటనే పట్టుకుని వ్యాను అద్దాలు అదిరేలా అరిచారు. వ్యాను మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. ముఠాలో మిగిలినవాళ్ళు గడ్డపారలు తీసుకుని మళ్ళీ ఆ గుంతలోకే దిగుతున్నారు. వాళ్ళ వెనక మా స్పిన్నింగ్ ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని నిలబడ్డారు.

స్టేషన్ వరండాలో మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టారు. ఎదురుగానే లాకప్పు. మేస్త్రీ ఊచలు పట్టుకుని లేచాడు. బురదలో మునిగి తేలిన పెళ్ళాన్ని తలనుంచి కాళ్ళదాకా చూశాడు. పక్కనే కూర్చున్న బాయిలరన్నని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. చెంప ఇంకా కమిలే ఉంది.

మళ్ళీ ఊచల దగ్గరికొచ్చి మెల్లిగా భార్యని అడిగాడు. "ఎందాకా తవ్వారే?"

ఆమె నోరు తెరిచేలోగా బాయిలరన్న తలెత్తాడు. అతను మేస్త్రీతో మాట్లాడడం అదే మొదలు.

"మొరం ఇంకా తగల్లేదు. మనవాళ్ళు తవ్వుతున్నారు."