సరంగు పడవకి స్టీరింగు

రేవులో అందరూ ఆయన్ని సరంగు అనేవారు. ఆయన నడిపింది ఏ ఓడో స్టీమరో అనుకునేరు. ఉన్నదల్లా అల్యూమినియం రేకుతో చేసిన చిన్న చేపల పడవ, దాని వెనకాల ఓ మోటారు. ఎక్కేది ఆయనా, ఆయన భార్యా. అయినా వెనక బల్ల మీద ఎడమ మూలకి ఒరిగి, కుడిచెయ్యి వెనక్కి చాచి మోటారు పిడి పట్టుకుని, కళ్లు సగం మూసుకుని ఆయన కూర్చునే తీరు చూస్తే ఏ మహాసముద్రాన్నో దాటిస్తున్నాడేమో అనిపించేది. ఆ పేరు వెటకారానికి పెట్టారన్న సంగతి ఆయనకి తెలియదు. తెలిసినవాళ్లెవరూ చెప్పలేదు.

లోకం మీద సరంగుకి ఒక గట్టి అభిప్రాయం ఉంది. ఎవరూ ఊరికే ఏదీ చెయ్యరు. ఎదురైనవాడు నవ్వుతూ పలకరిస్తే ఈయన చెయ్యి ముందు జేబు మీదికి పోయేది. కూరగాయలమ్మే మనిషి రెండు వంకాయలు ఎక్కువ వేస్తే ఇంటికెళ్లి సంచీ అంతా బోర్లించి పుచ్చులు వెతికేవాడు. పడవలో ఎప్పుడూ వెనక బల్లే ఎందుకు కావాలంటే మోటారు అక్కడుందని చెప్పేవాడు గాని, అసలు సంగతి అది కాదు. అక్కడ కూర్చుంటే పడవలో ఉన్నవాళ్లందరి వీపులూ తనకి కనిపిస్తాయి. తన వీపు ఎవరికీ కనిపించదు.

అలాంటి మనిషి దగ్గరికి బామ్మర్ది వచ్చి, "బావా, నీ పడవకి స్టీరింగు పెట్టేస్తాను. నాకేం ఇవ్వక్కర్లేదు" అన్నాడు. ఇక ఆ పూట సరంగుకి అన్నం సహించలేదు.

బామ్మర్ది రేవు పక్కనే రేకుల షెడ్డులో పడవలు బాగుచేస్తాడు. ఎడమచేతి వాటం మనిషి. పనిలో నేర్పరి, మాటల్లో పొదుపరి. వివరంగా చెప్పమంటే నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. పడవ మధ్యలో ఒక చక్రం, చక్రం వెనక చిన్న డ్రమ్ము. దానికి చుట్టిన ఇనప తీగ రెండు పక్కలా కప్పీల మీదుగా పోయి మోటారుని అటూ ఇటూ లాగుతుంది. వేగానికి పక్కనే ఓ లీవరు. వెనక్కి చెయ్యి చాచే బాధ లేకుండా హాయిగా ముందుకి చూస్తూ కూర్చోవచ్చన్నాడు.

హాయిగా అన్న మాట దగ్గరే సరంగుకి తిరకాసు కనిపించింది. మోటారు పిడి పట్టడం అందరికీ వచ్చే విద్య కాదు. పిడిని ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుంది, కుడికి లాగితే ఎడమకి తిరుగుతుంది. కొత్తవాడు పట్టుకుంటే ఒడ్డుని గుద్దుతాడు. ఇన్నేళ్లూ ఆ పడవని మరొకరు ఎత్తుకుపోకుండా కాపాడింది ఆ పిడేనని ఆయన నమ్మకం. చక్రం పెడితే కారు తోలడం వచ్చిన ప్రతివాడూ దాన్ని నడిపేస్తాడు. అంటే రేపు ఎవరి చేతిలోనైనా పెట్టెయ్యవచ్చు. ఇంత చిన్న సంగతి తెలుసుకోలేనంత అమాయకుణ్నా నేను అని ఆయన లోలోపల మీసం మెలేశాడు.

మరి వద్దని ఒక్క ముక్కలో తేల్చెయ్యవచ్చు కదా. అక్కడే వచ్చింది చిక్కు. ఆ జలాశయంలో మునిగిపోయిన చెట్ల మోడులు ఎక్కడ పడితే అక్కడ తలలెత్తి ఉంటాయి. కిందటి నెల సరిగ్గా వాటి మధ్యలో ఉండగా సరంగు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పిడి మీంచి జారిపోయింది. పడవ తనచుట్టూ తాను ఓ ప్రదక్షిణం చేసింది. ముందు బల్ల మీద వల లాగుతున్న భార్య వెనక్కి తిరిగి చూసింది. "ఇక్కడ చేపలు కనిపించాయి, చుట్టూ చూస్తున్నాను" అన్నాడు. ఆవిడ "ఊఁ" అని మళ్లీ వల లాగడం మొదలుపెట్టింది. నమ్మేసిందని ఆయన అనుకున్నాడు. ఇప్పుడు స్టీరింగు వద్దంటే ఎందుకు వద్దంటారు, భుజం తిప్పి చూపించండి అంటుందేమోనని ఆయన భయం. పడవ దిగితే ఆయన ఏమిటి? ఇంట్లో కుర్చీకి తోడు ఇంకో కుర్చీ. అందుకని సరేనన్నాడు. అని, ఆ క్షణం నుంచీ బామ్మర్ది మీద కాపలా మొదలుపెట్టాడు.

వెతికేవాడికి ఆధారాలకేం కొదవ. పని మొదలుపెట్టకముందు బామ్మర్ది ఒకరోజు పడవెక్కాడు. అందరిలా ముందుకి చూడకుండా సరంగుకి ఎదురుగా తిరిగి కూర్చుని ఆయన చేతినే చూస్తూ ఉన్నాడు. మోడుల దగ్గరకి రాగానే పక్కనున్న ఖాళీ ప్లాస్టిక్ డబ్బా నీళ్లలో పడింది, సరిగ్గా పడవకి అడ్డంగా. సరంగు చెయ్యి దానంతటదే పిడిని తోసింది, పడవ పక్కకి తప్పుకుంది. కాలు తగిలి పడిపోయిందన్నాడు బామ్మర్ది. కాలు అంత దూరం ఎలా చాచాడో మాత్రం చెప్పలేదు. నన్ను నీళ్లలో పడేద్దామని చూశాడని సరంగు తీర్మానించుకున్నాడు.

తర్వాత ఓ మధ్యాహ్నం షెడ్డు వెనక రేకుల సందులోంచి భార్య గొంతు వినిపించింది. సరంగు చెవులు రిక్కించాడు.

"ముందే చెప్తే ఒప్పుకోరురా. అయిపోనీ, అప్పుడు చూసుకుందాం."

బామ్మర్ది అంటే పరాయివాడు, పోనీ. ఈవిడ కూడానా? ఆ సాయంత్రం ఆవిడ మంచినీళ్లు ఇస్తే గ్లాసు వెలుతురులో పెట్టి చూసి మరీ తాగాడు. ఏం చూస్తున్నారని అడిగితే నలక అన్నాడు.

మూడోది లీవరు. వేగం పెంచే ఆ లీవరుని చక్రానికి ఎడమ పక్కన బిగించాడు బామ్మర్ది. రేవులో స్టీరింగున్న పడవలన్నీ తిరిగి చూసొచ్చాడు సరంగు. అన్నిటికీ కుడిపక్కనే ఉంది. ఎడమచెయ్యి వాటం ఎవరిది? ఇక వేరే సాక్ష్యం దేనికి. వాడు తన కొలతలకే బట్టలు కుట్టించుకుంటున్నాడు అనుకున్నాడు.

దీనికి తోడు పాత సామాన్ల వ్యాపారి ఒకడు దాపురించాడు. ఎర్ర టోపీ పెట్టుకుని షెడ్డులో పడవెక్కి కూర్చుని, చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ బామ్మర్దితో నవ్వుతున్నాడు. సరంగు గుమ్మంలో కనబడగానే ఇద్దరూ మాట ఆపేశారు. కొనేవాడు దొరికాడన్నమాట. అమ్మేవాడు బామ్మర్ది, సంతకం పెట్టించేది భార్య, పెట్టేది తను. లెక్క సరిపోయింది.

పడవని నీళ్లలోకి దించేరోజు పొద్దున్నే ఆయన షెడ్డుకి వెళ్లాడు. మోటారు రెక్కలకి పచ్చి తుంగ చుట్టుకుని ఉంది. రేకు మీద కొత్త గీత. అంటే తనకి చెప్పకుండా దీన్ని అప్పుడే ఎవరో నీళ్లలో తిప్పారు. అడిగితే బామ్మర్ది నీళ్లు నమిలాడు. సరంగు ఆ తుంగ పీకి పారేశాడు. ఈ నాటకం ఏదో పదిమంది ముందే తేల్చేద్దామనుకున్నాడు.

రేవులో అందరూ చేరారు. భార్య మెట్టు మీద నిలబడింది. ఎర్ర టోపీ కూడా వచ్చాడు. "ఎక్కు బావా" అన్నాడు బామ్మర్ది.

"నేనెందుకు ముందు? ఆయన్ని ఎక్కమను" అని టోపీ వైపు చెయ్యి చూపించాడు సరంగు. "తీసుకునేవాళ్లు నడిపి చూసుకోవద్దూ?"

బామ్మర్ది ముఖం మారిపోయింది. వద్దు బావా, అది ఆయనవల్ల కాదని అడ్డం పడ్డాడు. ఎంత అడ్డం పడితే సరంగు అంత మొండికేశాడు. చివరికి ఆ వ్యాపారి, నాకు రాని డ్రైవింగా అంటూ టోపీ సర్దుకుని తానే ఎక్కేశాడు. ఎడమవైపు తెరిపి నీళ్లు, కుడివైపు తుంగ. ఆయన చక్రం ఎడమకి తిప్పాడు. పడవ కుడికి తిరిగింది. కంగారుపడి ఇంకా ఎడమకి తిప్పాడు. పడవ ఇంకా కుడికి తిరిగి, పెళ్లికి పిలిచినట్టు నేరుగా తుంగలోకి వెళ్లి కూర్చుంది. టోపీ నీళ్ల పాలయింది. రేవంతా గొల్లుమంది.

సరంగు నవ్వలేదు. ఆయనకి ఒళ్లు మండిపోయింది. "తీగ తిరగేసి చుట్టావు. నేను తెలియక తిప్పుతాననీ, మోడుకి గుద్దుకుని పోతాననీ. అంతేనా?"

బామ్మర్ది అక్క ముఖం కేసి చూశాడు. ఆవిడ మెట్టు దిగి వచ్చింది. "మీరు ఎక్కండి" అంది. "నేనూ ఎక్కుతాను. గుద్దితే ఇద్దరం పోతాం."

ఆ మాట తర్వాత ఎక్కక తప్పలేదు. వ్యాపారిని తుంగలోంచి లాగి ఒడ్డున దించారు. నేను అమ్మిన పాత చక్రం ఎలా పనిచేస్తుందో చూద్దామని వచ్చాను గాని, ఈ డొక్కు పడవ నాకెందుకండీ అని ఆయన తడిసిన టోపీ పిండుకుంటూ గొణిగాడు. బామ్మర్ది ముందు బల్ల మీద అక్క పక్కన కూర్చున్నాడు. సరంగు చక్రం పట్టుకుని, పళ్లు బిగించి మోడుల వైపు పోనిచ్చాడు. కాస్త దూరం పోయాక బామ్మర్ది వెనక్కి తిరిగాడు. ఈసారి దాచుకోకుండా, చూపించి మరీ, ఖాళీ డబ్బా ఎత్తి పడవకి అడ్డంగా విసిరాడు.

సరంగు ఆలోచించలేదు. చెయ్యి ఎడమకి తోసింది. పడవ కుడికి తిరిగి డబ్బాని రాసుకుంటూ సాఫీగా తప్పుకుపోయింది. ఎప్పటిలాగే.

ఆయన మోటారు ఆపేశాడు. బామ్మర్ది అప్పుడు చెప్పాడు. "తీగ కావాలనే తిరగేసి చుట్టాను బావా. మోడు ఎదురైనప్పుడు ఆలోచించే టైముండదు. నీ చెయ్యి అలవాటుగా ఎటు పోతుందో ముందే చూసుకున్నాను. చక్రం నీ చేతికి తగ్గట్టు తిరగాలి గాని, ఈ వయసులో నీ చెయ్యి చక్రానికి తగ్గట్టు ఎందుకు తిరగాలి? ఇంకొకళ్లెవరూ దీన్ని నడపలేరులే. నిన్న నేను ప్రయత్నించి తుంగలో పడ్డాను."

మరి లీవరు ఎడమ పక్కన ఎందుకు పెట్టావని అడగబోయి సరంగు ఆగిపోయాడు. అది బిగుతుగా ఉంది, భుజంతో తొయ్యాలి. ఆయన కుడిభుజం తొయ్యలేదు. ఆ సంగతి వీళ్లకెలా తెలిసింది? దానికి జవాబు భార్య చెప్పింది. "మీ భుజం సంగతి ఆ రోజే తెలుసండీ. చేపలు చూస్తున్నానన్నారు కదా, అప్పుడు మీ చెయ్యి పిడి మీద లేదు, భుజం మీద ఉంది. అడిగితే పడవ మానేస్తారని నేనే అడగలేదు."

సరంగుకి ఆ క్షణంలో సిగ్గేసింది. నేల మీదైతే ఎక్కడికైనా తప్పుకునేవాడు, నీళ్ల మధ్య ఎక్కడికి పోతాడు. ఊరికే లీవరు నొక్కి పడవని ముందుకి పోనిచ్చాడు. పడవ ఆయన మాట వింటోంది. ఆయన మాట మాత్రమే వింటోంది. జీవితమంతా ఏం కోరుకున్నాడో అదే ఇచ్చారు వీళ్లు, తాళంచెవి ఒక్కటే ఉన్న పడవ. ఆయనకి ఎక్కడలేని గర్వం వచ్చింది. అది ఒక్క రోజు నిలిచింది.

మర్నాడు బామ్మర్ది లేకుండా ఇద్దరే వెళ్లారు. భార్య ముందు బల్ల మీద వంగి వల లాగుతోంది. చుట్టూ మోడులు. భుజం ఓసారి చిన్నగా కలుక్కుమంది, పోయింది. ఆయన కళ్లు ఆవిడ వీపు మీద ఆగిపోయాయి. ఇన్నేళ్లూ ఆ వీపుని కాపలా కాసినవాడికి ఆ రోజు మొదటిసారి వేరే ఆలోచన వచ్చింది. నాకేమన్నా అయితే ఈవిడ ఇంటికెలా వస్తుంది?

"ఇలా వచ్చి ఇది పట్టుకో" అన్నాడు.

ఆవిడ వింతగా చూసింది గాని వచ్చి కూర్చుంది. ఎడమవైపు మోడు. తప్పించాలని ఆవిడ చక్రం కుడికి తిప్పింది. పడవ నేరుగా మోడు మీదికి పోయింది. ఆయన ఒక్క ఉదుటున చక్రం లాగేశాడు. రేకు మోడుని గీరుకుంటూ బయటపడింది.

సాయంత్రం షెడ్డుకి వెళ్లి బామ్మర్దితో చెప్పాడు. "ఆ తీగ విప్పు. లోకమంతా చుట్టినట్టు చుట్టు."

"మరి నీ చెయ్యి బావా?"

"నేర్చుకుంటుంది. అదేం మహరాజులా పుట్టిందా."

నేర్చుకోవడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. లోతు నీళ్ల జోలికి పోకుండా ఒడ్డు పక్కనే తిప్పుతూ వారం తిరిగేసరికి సరంగు రేవులో ఉన్న ప్రతి గుంజనీ పలకరించాడు. తుంగలోకి వెళ్లిన ప్రతిసారీ రేవు గొల్లుమంది. ఎర్ర టోపీ ఆయన పని మానుకుని మరీ వచ్చి చూశాడు. భార్య మాత్రం రెండోరోజుకే చక్రం పట్టేసింది.

ఓ ఉదయం మోడుల దగ్గరకి రాగానే సరంగు లేచి, ఈపూట వల నేను తీస్తాను, నువ్వు నడుపు అన్నాడు. వెళ్లి ముందు బల్ల మీద కూర్చున్నాడు. పెళ్లయినప్పటినుంచీ ఆయన ఆ బల్ల ఎక్కలేదు. నీళ్లు ముందున్నాయి, మోటారు వెనకుంది, ఆవిడ వెనకుంది. మెడ వెనక ఏదో పాకుతున్నట్టు అనిపించింది. ఉండబట్టలేక ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ కళ్లు చిట్లించి, ముందున్న మోడునే చూస్తూ చక్రం మెల్లగా తిప్పుతోంది.

"ఏమిటండీ అలా చూస్తున్నారు?"

"ఊరికే" అన్నాడు సరంగు. మళ్లీ ముందుకి తిరిగి వల లాగడం మొదలుపెట్టాడు.