నా పేరు మీద

మాడిన గిన్నె అడుగు గీకుతుంటే ముందుగదిలోంచి టొర్లైఫ్ పిలిచాడు.

"గున్వోర్, జాబితా పెట్టేశారట. ఓసారి వచ్చి నీ పేరుతో తెరువు."

మా నార్వేలో పన్ను శాఖవాళ్లు ఏటా డిసెంబరులో అందరి ఆదాయాలూ బయటపెడతారు. ఎవరిదైనా చూడొచ్చు. కాకపోతే చూసినవాళ్ల పేరు అవతలివాళ్లకు తెలిసిపోతుంది. ఇంత చిన్న దీవిలో చూడాలని అందరికీ ఉంటుంది, చూసినట్టు తెలియడం మాత్రం ఎవరికీ ఇష్టముండదు. నా మొగుడికి అసలే ఉండదు. ఆ పద్ధతి వచ్చిన ఏడే అన్నాడు, "నా పేరు కనిపిస్తే ఐవిన్ ఏమనుకుంటాడు? రేపు ఓడల యార్డులో తలెత్తుకోగలనా? నీదైతే ఆడవాళ్లు అంతేలే అని ఊరుకుంటారు." అప్పుడది నవ్వులాటగానే అనిపించింది. చేతులు తుడుచుకుని వెళ్లి తెరిచాను.

అప్పట్నుంచీ ఏటా అదే పని. అతని యార్డులో పైఅధికారి ఐవిన్‌ది, తమ్ముడిది, పక్కింటి కొత్త కారువాడిది. చూసి "అమ్మ దొంగా!" అని తొడ చరుచుకునేది అతను. వాళ్లందరి ఫోన్లలో మిగిలేది నా పేరు. ఓసారి కొట్లో పాలు తీసుకుంటుంటే ఐవిన్ భార్య బెరిత్ నలుగురూ వినేలా అంది, "ఏం గున్వోర్, మా ఆయనకి ఎంత పెరిగిందో నాకన్నా ముందు నీకే తెలుస్తుందిగా!" అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. గురువారం సాయంత్రాలు వాళ్లంతా అల్లికలు పట్టుకుని ఒకరింట్లో చేరతారు. నన్ను పిలవడం ఎప్పుడు మానేశారో గుర్తులేదు. ఆ కిటికీల పక్కనుంచే ఆఫీసు నుంచి నడిచొస్తాను. ఆ రోజు ఇంటికి రావాలనిపించదు, వెళ్లడానికి ఇంకో ఇల్లూ లేదు. చెప్పుకుంటే టొర్లైఫ్ "నీకు మరీ సున్నితం" అంటాడు.

నేను చేపల కంపెనీలో ఎగుమతి కాగితాలు చూస్తాను. ఈ ఏడు మావాళ్లు జీతాల లెక్కకి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అది ప్రతి ఉద్యోగానికీ మార్కులేసి, ఆడవాళ్ల జీతాలూ మగవాళ్ల జీతాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. సిబ్బంది విభాగం అమ్మాయి తెర మీద రంగురంగుల గీతలు చూపించి, "తేడా ఉంది, కానీ కారణం దొరికింది. చాలావరకు సగంపూట పనిచేసిన ఏళ్ల వల్లే" అంది, అదేదో శుభవార్త అయినట్టు. ఆ ఏళ్లు నాకు తెలుసు. పిల్లల జ్వరాలు, తర్వాత తుంటి విరిగిన అత్తగారు. "నీ జీతమే తక్కువ కదా, నువ్వే తగ్గించుకో" అన్నాడు టొర్లైఫ్. తగ్గించుకున్నాను, జీతం ఇంకా తగ్గింది. అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టినందుకు ఆ సాఫ్ట్‌వేర్‌లో మార్కుల్లేవు. "ఎవరిదెంతో మేం చెప్పం. ఎవరితోనైనా పోల్చి మీ జీతం గురించి అడగాలనుకుంటే వచ్చే వారం రండి" అని ముగించింది.

నా పక్క బల్ల యోస్టైన్‌ది. అతనికి పని నేర్పింది నేనే. ఇప్పుడు ఇద్దరిదీ పూర్తిపూట ఒకే పని, ఒకే ఓడలు. మధ్యాహ్నం నా ఎదురుగా కూర్చుని తినేది ఈ దీవి మొత్తంలో అతనొక్కడే. ఊరందరి ఆదాయాలూ చూసినదాన్ని, అతనిది ఎప్పుడూ చూడలేదు. చూస్తే ఆ కాస్త తోడూ పోతుందని భయం.

ఇవాళ గిన్నె అలాగే వదిలేసి వెళ్లాను. టొర్లైఫ్ ట్యాబ్ అందించాడు. "ముందు ఐవిన్‌ది కొట్టు."

యోస్టైన్ పేరు కొట్టాను.

"ఎవరిదది? నీ పక్కన కూర్చునేవాడిదా? పిచ్చి పట్టిందా! రేపు వాడు నీ పేరు చూస్తే ఏమనుకుంటాడు?"

ఇన్నేళ్లలో నా పేరు గురించి అతను కంగారుపడటం అదే మొదలు. అంకె వచ్చింది. నాకు వచ్చేదానికన్నా చాలా ఎక్కువ. లాగౌట్ చేసి ట్యాబ్ అతని ఒళ్లో పెట్టాను.

"ఐవిన్‌ది నీ పేరుతో చూసుకో."

అతను చూసుకోలేదు. టీవీ పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్నే సిబ్బంది విభాగం అమ్మాయికి, భోజనాలయ్యాక వస్తానని చెప్పి ఉంచాను. మధ్యాహ్నం యోస్టైన్ రొట్టెల డబ్బా తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. మూత తీయలేదు.

"జాబితాలో నీ పేరు కనబడింది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ ఆయన చూడమన్నాడు కదూ? ఆయనే నీచేత వెతికిస్తాడని ఊళ్లో అందరికీ తెలుసులే. నేనేం అనుకోను."

అందరికీ తెలుసట. తెలిసే నవ్వారన్నమాట! అవునని ఒక్కమాట అంటే చాలు, అతను మూత తీసి తింటాడు, రేపూ వచ్చి ఇక్కడే కూర్చుంటాడు.

"కాదు యోస్టైన్," అన్నాను. "ఈసారి చూసింది నేనే. నా కోసమే."