అయిపోయిందన్న మాట

నేను ఒక స్టీలు డ్రమ్మును. డ్రమ్మనగానే వాయించేది అనుకునేరు, ఆ యోగం నాకు లేదు. బియ్యం డబ్బా అంత ఉంటాను. నడుము చుట్టూ కన్నాలు, వాటి మీద అటూ ఇటూ జరిగే పట్టీ. ఆపరేషన్‌కి కావలసిన కత్తెరలు, గుడ్డలు, గౌన్లు నా కడుపులో సర్ది, కన్నాలు తెరిచి, ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలోకి నెడతారు. బయటికి రాగానే కన్నాలు మూసేస్తారు. అక్కడినుంచి నేను మడి కట్టుకున్నట్టే. ఇళ్ళల్లో మడికి తడిబట్ట చాలు. నా మడికి సలసల కాగిన ఆవిరి కావాలి.

పుట్టింది ఎక్కడో పట్నం కార్ఖానాలో. నాతోపాటు తయారైన రేకులు కొన్ని గంగాళాలై పెళ్ళిళ్ళు తిరిగాయి. నేను మాత్రం అనకాపల్లి అవతల ఒక చిన్న ఆస్పత్రిలో పడ్డాను. చింతేమీ లేదు. మనుషుల్ని చూడాలంటే పెళ్ళిపందిరి కన్నా ఆపరేషన్ థియేటరే మేలు. అక్కడ ఎవరూ డాబులు పోరు.

ఒక్క సంగతి మాత్రం నాకెప్పుడూ వింతే. కుట్లు చీము పట్టాయంటే వీళ్ళు ముందు అడిగేది, "పప్పు తిన్నావా?" అని. చేతులు సరిగ్గా కడిగారా, కత్తెరకు ఆవిరి పట్టిందా అని అడిగిన పుణ్యాత్ముడు లేడు. సత్యవేణి అనే పిల్లకి తొలికాన్పు ఆపరేషన్ ఇక్కడే జరిగింది. కుట్లు చీము పట్టి, నెలల తరబడి కన్నబిడ్డను ఎత్తుకోలేకపోయింది. అత్తగారు నేరం కందిపప్పు మీదకి తోసింది. ఆస్పత్రి కాదనలేదు. కాదంటే తన గుమ్మంలోనే వెతుక్కోవాలి కదా!

తరువాత రాజేశ్వరి వచ్చింది. ఆస్పత్రిలో రోగాలు ఒకరినుంచి ఒకరికి అంటకుండా చూడడమే ఆమె ఉద్యోగం. వస్తూనే నా మూతకు ఒక టేపు అంటించింది. దాని మీద లేత చారలుంటాయి, ఆవిరి తగిలితేనే నల్లబడతాయి. నాకు నోరంటూ వచ్చింది ఆ రోజే. మూత తీసేముందు టేపు చూసి, "చారలు నల్లబడ్డాయి" అని అందరికీ వినబడేలా చెప్పాలని ఇంకో నియమం పెట్టింది.

డాక్టర్ సోమయాజులుగారికి నవ్వొచ్చింది. "మంత్రాలకు చింతకాయలు రాలతాయా సిస్టర్?"

"రాలవు సార్. అందుకే కళ్ళతో చూసి చెప్పమంటున్నాను."

ఆ సత్యవేణే రెండో కాన్పుకి వచ్చింది. మళ్ళీ ఆపరేషనే అన్నారు. ఆ ఉదయం డ్రమ్ములు సర్దే ఆయా నూకాలమ్మ నన్ను శుభ్రంగా సర్ది, మూత మీద కొత్త టేపు అంటించి బల్ల మీద పెట్టింది. ఆవిరి ఇంకా పట్టలేదు. అంతలో థియేటర్ సిస్టర్ సువార్త గుమ్మంలోంచి తొంగిచూసింది.

"నూకాలమ్మా, డ్రమ్ము అయిపోయిందా?"

"అయిపోనాదమ్మా!"

ఈమె అడిగింది ఆవిరి సంగతి. ఆమె చెప్పింది సర్దడం సంగతి. ఇద్దరూ నిజమే పలికారు, ఆ రెండు నిజాల నడుమ నేను చల్లటి కడుపుతో థియేటర్‌కి బయల్దేరాను. అరవాలని ఉంది. రేకుకి అరుపెక్కడిది?

బల్ల మీద సత్యవేణి వణుకుతోంది. "ఈపాలీ సీము పడితే నా పిల్లల్ని ఎవలు సూత్తారమ్మా?" అంది. సువార్త ఆమె నుదురు నిమిరి నా దగ్గరికి వచ్చింది. డాక్టరుగారు కానిమ్మన్నారు. మూత మీద చెయ్యి పడింది. నియమం ప్రకారం సువార్త నోరు తెరిచింది.

"చారలు..."

మాట అక్కడే ఆగిపోయింది. రోజూ అలవాటుగా దొర్లే మాట, ఎదురుగా తెల్లచారలు కనిపిస్తుంటే నోట రాలేదు.

"సార్, నల్లబడలేదు."

డాక్టరుగారి ముఖంలో నవ్వు పోయింది. "మూత తియ్యకు. ఇంకోటి తెప్పించు," అన్నారు మెల్లగా.

"ఏటమ్మా, ఆగిపోనారు?" అంది సత్యవేణి.

"నీ కోసమేనమ్మా," అంది సువార్త. నా మూత మీద చెయ్యి తీసి, నన్ను పక్కకి జరిపింది.

చారలు నల్లబడ్డ వేరే డ్రమ్ము వచ్చింది. ఆడపిల్ల పుట్టింది.

తరువాత నూకాలమ్మ ఒకటే ఏడుపు, "నాను అబద్దం సెప్పనేదమ్మా" అని. రాజేశ్వరి తప్పెవరిదని అడగలేదు, ఏ మాట దగ్గర దారి తప్పామని అడిగింది. దొరికింది ఒక్క మాట. దొంగను ఊరవతలికి తరిమినట్టు "అయిపోయింది"ని థియేటర్‌లోంచి తరిమేశారు. ఇకనుంచి సర్దితే "సర్దాను", ఆవిరి పట్టిస్తే "ఉడికింది". ఇది ఆస్పత్రా వంటిల్లా అని నవ్విన సోమయాజులుగారే నాలుగు రోజులు తిరక్కుండా, "డ్రమ్ము ఉడికిందా?" అని కేకేశారు.

కుట్లు విప్పిన రోజు సత్యవేణి పొట్ట పొడిగా, శుభ్రంగా ఉంది. రెండు చేతులా పిల్లను ఎత్తుకుని నిలబడింది.

"ఇంటికెల్లి పప్పు తినొచ్చాండి?"

"సుబ్బరంగా తిను," అంది సువార్త.

కందిపప్పు నిర్దోషి అని తేలినందుకు, ఆ తల్లి చేతుల్లో బిడ్డ ఉన్నందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు నా పట్టీ వదులైంది. కన్నాలు సరిగ్గా మూసుకోవు, కాబట్టి మడికి పనికిరాను. మొన్న పాత ఇనుము కొనేవాడు వరండాలో నన్ను పైకెత్తి చూసి, "ఈ డ్రమ్ము అయిపోనాదా అమ్మా?" అన్నాడు.

కొత్త నర్సులకు పాఠం చెప్పడానికి వెళ్తున్న సువార్త చటుక్కున ఆగింది.

"ఏది అయిపోయింది?" అని అడిగింది.

ఆమె నన్ను వాడి చేతుల్లోంచి తీసుకుని, చంకనెత్తుకుని, పాఠం చెప్పే గదిలోకి నడిచింది.