ఐదు చేతుల కార్బన్

మధ్యాహ్నం రెండు గంటలకు ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష. పోయిన సెమిస్టర్‌లో మా అమ్మాయి అంబిక తప్పింది అందులోనే. ఈసారీ తప్పితే కాలేజీ మానేసి మగ్గం మీద కూర్చుంటానని తెగేసి చెప్పింది. ఏడో తరగతిలో లెక్కలు తప్పినప్పుడు నేనూ అదే మాట అన్నాను. వద్దురా అన్నవాడు లేడు. ముప్పయ్యేళ్లుగా ఈ మదనపల్లెలో పట్టుచీరలు నేస్తున్నాను. కట్టుకున్నవాళ్లెవరూ నేసిందెవరని అడిగిన పాపాన పోలేదు.

పొద్దున ఎనిమిదికి గైడు తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"నాయనా, నేను సూడకుండా బొమ్మలు గీస్తాను. గైడులో ఉండేట్లే ఉండాయో లేదో సెప్పు, సాలు."

"నాకేం తెలుస్తాదమ్మా?"

"తెలియాల్సిన పన్లేదు. గ్రాఫ్ సూసి అంచు నేస్తావు కదా, అట్లా సూడు."

పక్క మగ్గం మీద పోగు నాడెను అటూ ఇటూ తోస్తున్న కదిరప్ప ఊరుకుంటాడా? "ఏమన్నా, నువ్వుగూడా పరీక్షకు కట్టినావా? హాల్ టికెట్ యాడ?"

"నీ నాడె నువ్వాడించుకో అప్పా," అన్నాను.

అంబిక గీస్తోంది, నేను చూస్తున్నాను. పదో బొమ్మకల్లా ఒక సంగతి కంటబడింది. ‘సి’ అనే అక్షరం ఎక్కడున్నా దానికి నాలుగే గీతలు. జంట గీత ఉంటే అది రెండు కింద లెక్క. పదకొండోది వెనిగర్‌లో ఉండే ఆమ్లమట. అందులో ఒక ‘సి’కి ఐదున్నాయి.

"అమ్మా, దీనికి ఐదు చేతులు యాల?"

"గైడులో ఉండేదే గీసినా. సూడు."

నిజమే, గైడులోనూ ఐదే.

"అయితే గైడే తప్పు."

"అచ్చేసినోళ్లకు తెలీదా నాయనా?"

"అచ్చేసినోళ్లు దేవుళ్లా? మనకిచ్చే గ్రాఫులో గూడా ఒక గడి ఎక్కువ కొడతారు. నమ్మి నేస్తే అంచంతా వంకర."

అంబిక వేలు పెట్టి లెక్కించింది. రెండోసారి లెక్కించింది.

"అయ్యో! ఆల్డిహైడ్‌లో ఉండే హైడ్రోజన్ని తియ్యకుండానే ఓహెచ్ తగిలించినారు. నేను దీన్నే కంఠతా పట్టినా! కార్బన్‌కు నాలుగే అని సారు మొదటి రోజే సెప్పినాడు. ఒక్కనాడూ లెక్కబెట్టలేదు నాయనా."

చదువుకున్నవాళ్ల తప్పును చదువుకోనివాడు పట్టుకుంటే డిగ్రీ ఏమీ ఇవ్వరు. అయినా ఆ పూట నా నాడె కాస్త హుషారుగానే ఆడింది. అంబిక గైడు మూసేసి, ఒక్కో కార్బన్‌కూ లెక్క సరిచూసుకుంటూ సొంతంగా గీయడం మొదలుపెట్టింది. పన్నెండు గంటల దాకా తల ఎత్తలేదు.

ఐదున్నరకు తిరిగొచ్చింది. నేను నాడె పక్కన పెట్టి, ఎట్లా రాసిందో ముఖంలో వెతికాను. చెప్పులు విప్పి, బ్యాగులోంచి ఇంకో పుస్తకం తీసింది.

"శుక్రవారం ఫిజిక్స్ ఉండాది. రేపు పొద్దున మగ్గం ఆపి కూసోవాల నువ్వు."

"మానేస్తానంటివే?"

"మగ్గం నేర్సుకునేదానికి నాలుగేండ్లు పడతాదంట గదా. దానికంటే ఫిజిక్సే మేలు."

ముప్పయ్యేళ్ల పనిని ఒక్క మాటతో తీసిపారేసింది. కోపం రావాల్సింది, రాలేదు. పుస్తకం అందుకున్నాను.