సున్నా మాస్టారు

బోర్డు మీద పక్కపక్కనే ఐదు గళ్లు గీసి, వాటి కింద సున్నా నుంచి నాలుగు దాకా అంకెలు వేశాడు మాస్టారు. ఇరవై రెండేళ్లుగా అవే గళ్లు, అవే అంకెలు. సున్నా మాస్టారన్న పేరు హాజరుపట్టీలో తప్ప అన్నిచోట్లా స్థిరపడిపోయింది. సుద్దపొడి మోచేతి దాకా పాకింది. మోకాళ్లు పొద్దుటి నుంచీ సలుపుతున్నాయి.

"కంప్యూటరు ప్రోగ్రాంలో 'అరే' అంటే ఒకే రకం విలువలు దాచుకునే పెట్టెల వరస. ఐదు పెట్టెలుంటే చివరిదాని నంబరు నాలుగు. ఐదో నంబరు పెట్టె లేదు. లేదంటే లేదు!"

ముందు వరసలో ఆసుపత్రి ఆయా, ఐదుగురు రోగుల జ్వరాలు చూపించడానికి రాసిన ప్రోగ్రాం మళ్లీ తప్పు చూపించింది. నలభై దాటిన మనిషి. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వస్తుంది. రికార్డుల గదిలో పనికి రేపే పరీక్ష. తప్పితే, పాడైన నడుంతో మళ్లీ స్ట్రెచర్లు తొయ్యాలి.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా! గోడకి చెప్పినా ఈపాటికి వచ్చేసేది."

"గోడకి పరీక్ష లేదు కదండీ," అందామె. "మా వార్డులో సున్నా నంబరు మంచం ఎక్కడా లేదు మరి."

అందరూ నవ్వారు. 'అదంతే' అనబోయి మాస్టారు ఆగిపోయాడు. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూలబడ్డాడు.

"మొదటి మంచం దగ్గరే నిలబడ్డావనుకో. అక్కడికి చేరడానికి ఎన్ని మంచాలు దాటాలి?"

"ఒక్కటీ అక్కర్లేదు."

"అదే సున్నా. ఐదో మంచానికి?"

"నాలుగు..." ఆమె వేళ్లు గబగబా కదిలాయి. లెక్క సున్నాతో మొదలుపెట్టి నాలుగు దగ్గర ఆపింది. ఐదుగురు రోగుల జ్వరాలూ తెరమీద బుద్ధిగా వరస కట్టాయి. "ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చు కదండీ!"

ఆ మాట ములుకులా దిగింది. ఎంతమందిని 'అదంతే' అని కసిరి పంపేశాడో!

క్లాసయ్యాక సెంటరు మేనేజరు గుమ్మంలో నసిగాడు. "రేపట్నుంచి ఈ పాఠాలన్నీ వీడియోలోనే మాస్టారూ, మీకిక క్లాసులుండవు. ముందే చెబుదామనుకున్నా..."

"అందులో సున్నా ఎందుకో చెప్పారా?"

"నేను చూళ్లేదండీ."

మాస్టారు చేతిలోని సుద్దముక్క బల్లమీద పెట్టాడు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు.

వారం తర్వాత, పాసయ్యానని చెప్పడానికి ఆయా ఆత్రంగా వచ్చింది. గదిలో ఎవరిదో కొత్త గొంతు తెరలోంచి గడగడా చదువుతోంది. తలుపు వెనక, మాస్టారు ల్యాబులో వేసుకునే రబ్బరు చెప్పులు, ఒకవైపు మడమ అరిగి, గోడకేసి తిరిగి ఉన్నాయి.