లోకేష్ పాస్

"పిల్లలు నేర్చుకునే చిన్న కొండ మీదే వెతుకుతున్నాం," అంది ఎర్ర జాకెట్ వేసుకున్న స్కీ పాట్రోల్ ఆవిడ, వాకీటాకీ చేతిలోంచి దించకుండానే. "మీ తమ్ముడి లిఫ్ట్ పాస్ చివరిసారి స్కాన్ అయింది అక్కడి గేట్‌లోనే. కంగారు పడకండి. ఇలా తప్పిపోయినవాళ్లు చాలామంది ఏ బార్‌లోనో దొరుకుతారు."

గిరిజ కంగారు దాటి చాలాసేపైంది. లిఫ్టులు ఆగిపోయాయి. చీకటి పడబోతోంది. కిటికీ అవతల మంచు అడ్డంగా కొడుతోంది. పొద్దున డెన్వర్ నుంచి వచ్చినప్పుడు ఈ ఊరు ఎంత ముద్దుగా కనిపించిందో. చెక్క బాల్కనీలు, జర్మన్ పేర్ల హోటళ్లు, స్విట్జర్లాండ్ నుంచి పెకలించి తెచ్చినట్టున్న గడియారం గోపురం. ఇప్పుడు షూటింగ్ అయిపోయాక వదిలేసిన సెట్టింగులా ఉంది.

"మా లోకేష్ చిన్న కొండ ఎక్కే రకం కాదండీ. ఇక్కడే ఎమ్మెస్ చదువుతున్నాడు, చలికాలమంతా స్కీయింగే. వెనక కొండకే వెళ్తాడు."

"కంప్యూటర్ అలా చెప్పడం లేదమ్మా. ఈ వాతావరణంలో వెనక కొండకి మావాళ్లని పంపితే వాళ్ల ప్రాణాలకీ ముప్పే. ఏదో ఒక ఆధారం ఉండాలి. అతని ఫొటో ఉందా?"

"సిస్టమ్ తప్పు చెప్పదు గిరిజా," అన్నాడు పక్కనే కూర్చున్న ఆమె భర్త. "వాళ్ల ప్రొసీజర్ వాళ్లని ఫాలో అవనీ."

గిరిజ ఫోన్ తీసింది. ఫొటోలు ఒక్కొక్కటే వెనక్కి జరుపుతోంది. స్కీలు అద్దెకిచ్చే షాపులో స్నేహితురాలు పద్మజతో దిగిన ఫొటో వచ్చింది. పొద్దున ఆ షాపువాడు మీ భర్త పేరేమిటని అడిగితే, గిరిజ ఆర్, ఏ, ఎం, ఏ అంటూ అక్షరాలు చెప్పింది. పద్మజ పగలబడి నవ్వింది.

"రెండు వేల పన్నెండులో ఉన్నాం తల్లీ. మొగుడి పేరు నోటితో చెబితే ఏమవుతుంది, హెచ్-వన్ వీసా క్యాన్సిల్ అవుతుందా?"

"ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. పెళ్లయ్యాక ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడెందుకు?"

ఆయన కూడా నవ్వాడు. స్కీలు తీసుకున్నాడు గానీ పాస్ మాత్రం కొనలేదు. "పాస్ దండగ. ఫొటోకి స్కీలు చాలు," అన్నాడు.

లోకేష్ ఫొటో కోసం వెతుకుతున్న గిరిజ వేలు ఇంకో ఫొటో దగ్గర ఆగిపోయింది. చిన్న కొండ లిఫ్ట్. గాల్లో వేలాడుతున్న కుర్చీలో ఆయన, చెయ్యి ఊపుతూ. మధ్యాహ్నం అత్తగారికి పంపుదామని తనే తీసింది. మనసు మార్చుకుని పాస్ కొన్నాడేమో అనుకుంది అప్పుడు.

లేచి ఆయన్ని వరండాలోకి రమ్మంది.

"ఏవండీ, మీరు లిఫ్ట్ ఎక్కింది ఎవరి పాస్‌తో?"

ఆయన వెనక తలుపు మూశాడు. "మెల్లగా. వాడిదే. నేనే అడిగాను. కింద గేట్ దాటాక పక్కన కట్టిన వల మీంచి నాకు అందించాడు. 'పై లిఫ్టులకి గేట్లు లేవు బావా, నాకక్కర్లేదు' అన్నాడు."

"అంటే వాడు వెనక కొండకి వెళ్లాడని మీకు ఇందాకటి నుంచీ తెలుసు."

"ఒకరి పాస్ ఇంకొకరు వాడితే ఫ్రాడ్ అంటారిక్కడ. గోడ మీద బోర్డు చూడు. గ్రీన్ కార్డ్ లాస్ట్ స్టేజ్‌లో ఉంది. పోలీస్ రిపోర్ట్‌లో నా పేరు పడిందంటే ఇన్నేళ్ల కష్టం బూడిదే. కాస్త ఆగు, వాడు కుర్రాడు, వాడే వచ్చేస్తాడు."

"వాళ్లు ఇంకో కొండ మీద వెతుకుతున్నారండీ."

"సరే, పాస్ ఎవరో కొట్టేశారని చెప్పు. నా పేరు మాత్రం తేకు."

గిరిజ ఆయన మొహంలోకి చూసింది. పొద్దున తమ్ముడు ఇదే మనిషికి మోకాళ్ల మీద కూర్చుని బూట్ల బకిల్స్ పెట్టాడు. లోపలికి నడిచింది. వెనకే ఆయనా వచ్చాడు.

"మా తమ్ముడు వెనక కొండ మీదే ఉన్నాడు. ఆ పాస్ వాడి దగ్గర లేదు," అంది.

పాట్రోల్ ఆవిడ కళ్లు చిట్లించింది. "పోయిందా?"

"లేదు."

"మరి చిన్న కొండ ఎక్కింది ఎవరు? ఊహ మీద మావాళ్లని అటు పంపలేను. ఆ మనిషి నోటితోనే వింటాను. పేరు చెప్పండి, పిలిపిస్తాను."

గిరిజ తిరిగి చూసింది. ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో భయం లేదు. ఆమె నోట ఆ పేరు రాదన్న ధీమా ఉంది.

ఆయుష్షు గురించి అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇందాకటి నుంచీ ఆ మంచులో తరిగిపోతున్న ఆయుష్షు ఎవరిదో కూడా.

"రామమోహన్," అంది గిరిజ, గదిలో అందరికీ వినపడేలా. "అదిగో, ఆ గోడ దగ్గర నిలబడ్డాడు. రామమోహన్."