పద్నాలుగు నిమిషాలు

"లేచింది," అనేది గున్‌వోర్.

"పద్నాలుగు నిమిషాలు," అనేవాడు ఒడ్మున్.

పదకొండేళ్ళుగా వాళ్ళ మాటలు అలాగే మొదలయ్యేవి. నార్వే ఉత్తరపు కొసన ఆమె క్వాల్వోగ్ విమానాశ్రయం టవర్‌లో, అతను స్టైన్‌నెస్ టవర్‌లో. విమానం నేల విడిచిందని పక్క టవర్‌కి ఫోన్ చెయ్యడం ఆమె పని. దాని చప్పుడు చెవినపడగానే ఫోన్ పెట్టెయ్యడం అతని పని. ఆ మధ్య ఉన్న కాస్త సమయం వాళ్ళది.

రోడ్డు మీదైతే సముద్రపు పాయ చుట్టూ నాలుగు గంటలు. ఆమె ఎన్నడూ వెళ్ళలేదు. డ్యూటీ ఉందనేది. సెలవు రోజుల్లోనూ తనకు తాను అదే చెప్పుకునేది. గొంతుకి మొహమంటూ వస్తే ఉన్నది కూడా పోతుందేమోనన్న భయం అది. ఆ సంగతి తెలిసీ దాన్ని డ్యూటీ అనే పిలుచుకునేది.

ఫిబ్రవరిలో ఒకరోజు అతనే కదిపాడు.

"ఈ శుక్రవారంతో నా టవర్‌కి తాళం. ఇకమీదట దక్షిణాన ఎవరో కెమెరాల్లో చూసి పైలట్లకి గాలి వేగం చెబుతారట. శనివారం పొద్దున్నే ఓడెక్కి మా అమ్మాయి దగ్గరికి పోతున్నా."

ఆమె ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "అయితే నీ మల్టె పళ్ళ చోటు చెప్పి మరీ పో."

"భలేదానివే! పోయిన మా ఆవిడకే చెప్పలేదు. వచ్చి అడుగు, చూద్దాం."

మల్టె అనే అరుదైన అడవి పళ్ళు కాసే బురదనేల జాడ ఆ వైపు ఎవరూ ఎవరికీ చెప్పరు. రమ్మని అతను అనడం మాత్రం అదే మొదటిసారి.

"వస్తా," అంది.

శుక్రవారం మధ్యాహ్నం తన కుర్చీలో వేరొకర్ని కూర్చోబెట్టి విమానమెక్కింది.

"నువ్వా గున్‌వోర్! టవర్ దిగొచ్చావా? ఆకాశాన్ని ఎవరు మోస్తున్నారమ్మా?" అంది తలుపు దగ్గర ఎయిర్ హోస్టెస్ బోదిల్.

విమానం లేచింది. ఆమె గడియారం చూసుకుంది. ఈపాటికి ఫోన్ మోగుంటుంది. పద్నాలుగు నిమిషాలని అతను ఎవరితోనో అనుంటాడు.

పదకొండో నిమిషంలో కిందికి దిగుతూ విమానం ఊగిపోయింది. అంతలోనే ఇంజన్లు గర్జించి మళ్ళీ పైకి లేచింది.

"స్టైన్‌నెస్‌లో గాలి హద్దు దాటింది. దిగడం లేదు, నేరుగా తర్వాతి ఊరికే," అన్నాడు కెప్టెన్.

"మళ్ళీనా!" అని వెనక ఎవరో విసుక్కున్నారు.

ఆ గాలి లెక్క చెప్పింది ఒడ్మునే. ఆమె ఈ విమానంలో ఉందని తెలిసే చెప్పాడు. కాస్త తగ్గించి చెప్పుంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించి, ఆమెకు సిగ్గేసింది. మేఘం విడిన చోట టవర్ అద్దాల వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మొహం ఆనలేదు.

తర్వాతి ఊళ్ళో దిగి, గోడ పక్కన నిలబడి ఫోన్ చేసింది.

"గాలి నలభై రెండు నాట్లు," అన్నాడతను. "తగ్గించి చెప్పలేకపోయాను."

"చెప్పుంటే మళ్ళీ నీతో మాట్లాడేదాన్ని కాదు."

"ఆదివారం దాకా ఈ గాలి ఆగదు. రోడ్డు కూడా మూసేశారు."

"తెలుసు."

అతను గొంతు సవరించుకున్నాడు. "మా ఊరి వాగు దాటాక ఎడమకి తిరుగు. చీలిన బండ ఒకటుంటుంది. దాని వెనకే ఆ పళ్ళు. ఎవరికీ చెప్పకు."

"చెప్పను."

ఆకాశంలో ఏ విమానమూ లేదు. ఫోన్ ఎప్పుడు పెట్టెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు.